పనుల మధ్య ఏకాంతం: ప్రార్థనకూ పునరాలోచనకూ సమయం కేటాయించుకోవడం

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• ఏకాంత విరామం అంటే ఏమిటో, అది సెలవుకూ ఒంటరితనానికీ ఎలా భిన్నమో వివరించగలుగుతారు.
• వివిధ మత సంప్రదాయాలలో దీనికున్న స్థానాన్ని ఉదాహరణలతో చెప్పగలుగుతారు.
• నెల్లూరు ప్రాంత చరిత్రలోని రెండు సందర్భాల ఆధారంగా ఏకాంతానికీ ప్రజాసేవకూ ఉన్న సంబంధాన్ని పరిశీలించగలుగుతారు.
• మీ ఉద్యోగం, ఇల్లు, చదువు మధ్య ఇలాంటి సమయాన్ని క్రమంగా కేటాయించుకొనే ప్రణాళిక తయారుచేసుకోగలుగుతారు.

1. పరిచయం

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 మధ్య మీరు నెల్లూరు తీరానికి వెళ్తే, మైపాడులోగాని, ఇస్కపల్లిలోగాని, ఇంజన్ పడవలు ఇసుక మీదికి లాగి ఉండటం చూస్తారు. తూర్పు తీరమంతటా ఆ 61 రోజులు మరబోట్ల, ఇంజన్ పడవల వేటకు నిషేధం ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టే కాలం కనుక సముద్రాన్ని కొంతకాలం వదిలిపెట్టాలన్నది దాని ఉద్దేశం. అయితే ఆ రెండు నెలలు పాళెంలో పని ఆగదు. చిరిగిన వలలు కుట్టుకుంటారు. ఇంజన్లు విప్పి బాగుచేయించుకుంటారు. పడవ అడుగు గీకి రంగు వేస్తారు. వేట సాగుతున్న రోజుల్లో కనిపించని చిల్లులు, పడవ ఒడ్డున ఉన్నప్పుడే కంటబడతాయి.

మనిషి జీవితానికి కూడా ఇలా ఒడ్డుకు చేరే సమయం అవసరమా? అవసరమైతే, దాన్ని ఎవరు, ఎప్పుడు, ఎలా కేటాయించుకోవాలి? ఈ పాఠం ఆ ప్రశ్నలను చర్చిస్తుంది. దూరవిద్యలో చేరిన మీలో చాలామంది పగలు ఉద్యోగమో కూలిపనో చేస్తూ, సాయంత్రం ఇల్లు చూసుకుంటూ, రాత్రి పాఠ్యపుస్తకం తెరుస్తారని నాకు తెలుసు. సంపర్క తరగతులలో ఈ విషయం ఎత్తినప్పుడల్లా ఒకే మాట వినేవాణ్ణి: “సార్, చదవడానికే సమయం లేదు, ఊరికే కూర్చోవడానికి ఎక్కడుంది?” ఈ అభ్యంతరం న్యాయమైనదే. దీన్ని పక్కన పెట్టకుండా చర్చలో కలుపుకొనే ముందుకు వెళ్దాం.

2. ఏకాంత విరామం: నిర్వచనం

ముందుగా నిర్ణయించుకున్న కొంత సమయం, రోజువారీ పనుల నుంచి, సంభాషణల నుంచి తొలగి, ప్రార్థనలోనో ధ్యానంలోనో ఆత్మపరిశీలనలోనో గడిపి, తిరిగి అదే పనుల్లోకి మరింత స్పష్టతతో రావడాన్ని ఏకాంత విరామం అనవచ్చు. ఈ నిర్వచనంలో నాలుగు అంశాలున్నాయి. ముందస్తు నిర్ణయం, పనుల నుంచి తొలగడం, మనసును ఒక దిక్కుకు నిలపడం, తిరిగి రావడం. ఇందులో ఏ ఒక్కటి లోపించినా అది మరొకటిగా మారిపోతుంది.

ముందస్తు నిర్ణయం లేనిది కేవలం ఖాళీ సమయం. పనుల నుంచి తొలగకుండా చేసేది నిత్యపూజలో ఒక భాగం కావచ్చు, అది విలువైనదే, కాని విరామం కాదు. మనసుకు దిక్కు లేకపోతే అది విశ్రాంతి లేదా వినోదం. తిరిగి రావడం లేకపోతే అది సన్న్యాసం, లేదా బాధ్యతల నుంచి పారిపోవడం.

ఒంటరితనానికీ ఏకాంతానికీ తేడా కూడా గమనించండి. ఒంటరితనం మనం కోరకుండా వచ్చి మీద పడేది. ఏకాంతం మనం కోరి, ఒక గడువు పెట్టుకొని వెళ్ళేది. మనసు బాగా కుంగిపోయి, నిద్రాహారాలు తప్పి, బతుకు మీద ఆశ సన్నగిల్లిన స్థితిలో ఉన్నవారికి ఏకాంతం మందు కాదు. వారికి మనుషుల తోడు, వైద్యుని సహాయం కావాలి. అలాంటప్పుడు ప్రభుత్వం నడిపే టెలి మానస్ సహాయకేంద్రానికి 14416 నంబరులో ఫోను చేయవచ్చు.

3. వివిధ సంప్రదాయాలలో ఏకాంతం

ఈ ఆచారం ఏ ఒక్క మతానికీ పరిమితం కాదు. గౌతమ బుద్ధుని కాలం నుంచి భిక్షువులు వానాకాలం మూడు నెలలు సంచారం ఆపి ఒకేచోట ఉండే వర్షావాసాన్ని పాటించారు. హిందూ యతులు పాటించే చాతుర్మాస్యం కూడా ఆ కోవకు చెందిందే. జైనులలో గృహస్థులు సైతం 48 నిమిషాలపాటు లోకవ్యవహారాలు విడిచి కూర్చొనే సామాయికం ఉంది. రంజాన్ మాసం చివరి పది రోజులు మసీదులోనే ఉండి ప్రార్థనలో గడిపే ఎతెకాఫ్‌ను ముస్లింలు పాటిస్తారు. క్రైస్తవులకు యేసు నలభై రోజుల అరణ్యవాసం ఆదర్శం. మన ప్రాంతపు సంఘాలలో ఉపవాస ప్రార్థన దినాలు సర్వసాధారణం. ఏకాదశి ఉపవాసం, 41 రోజుల అయ్యప్ప దీక్ష మీరు మీ వీధిలోనే చూసి ఉంటారు.

వీటిలో ఉమ్మడిగా కనిపించే లక్షణం కాలనియమం. పదిరోజులైనా, నలభై ఎనిమిది నిమిషాలైనా, మొదలూ ముగింపూ ముందే తెలుసు. “మనసు బాగున్నప్పుడు చేద్దాం” అని ఏ సంప్రదాయమూ వదిలిపెట్టలేదు. మనసు బాగాలేనప్పుడే దాని అవసరం ఎక్కువని అనుభవం మీద గ్రహించినందువల్లే ఈ నియమాలు ఏర్పడి ఉంటాయి.

రెండో లక్షణం కూడా గమనించదగినది. వర్షావాసంలో ఉన్న భిక్షువులకు గ్రామస్థులు అన్నం పెట్టేవారు. ఎతెకాఫ్‌లో కూర్చున్నవారికి ఇంటివాళ్ళు భోజనం పంపుతారు. వేట నిషేధ కాలంలో మత్స్యకార కుటుంబాలకు ప్రభుత్వం భృతి ఇస్తుంది. అంటే ఒకరి విరామం మరొకరి సహకారం మీద నిలుస్తుంది. ఈ అంశాన్ని ఏడో విభాగంలో మళ్ళీ ప్రస్తావిస్తాను.

4. పల్లిపాడు ఆశ్రమం, గాంధీజీ మౌనం

నెల్లూరుకు తూర్పున, సముద్రం వైపు వెళ్ళే దారిలో, పెన్నా ఒడ్డున పల్లిపాడు గ్రామం ఉంది. మైపాడులాగే ఇదీ ఇందుకూరుపేట మండలంలోనిదే. ఇక్కడి పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని గాంధీజీ 1921 ఏప్రిల్ 7న ప్రారంభించారు. దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల కృష్ణయ్య దీని స్థాపనకు పూనుకున్నారు. పొట్లపూడికి చెందిన పొణకా కనకమ్మ స్థలం సమకూర్చారు. దక్షిణాఫ్రికాలో గాంధీజీ సహచరుడైన పార్సీ రుస్తుంజీ విరాళంతో భవనం కట్టారు. సబర్మతి ఆశ్రమం దీనికి నమూనా. నూలు వడకడం, ఖద్దరు ప్రచారం, అస్పృశ్యతా నివారణ దీని ముఖ్య కార్యక్రమాలు.

ఇక్కడ మీరు ఒక విషయం ఆలోచించాలి. ఆశ్రమం అనగానే మనకు లోకాన్ని వదిలిన చోటు గుర్తుకొస్తుంది. గాంధీజీ ఆశ్రమాలు అలాంటివి కావు. అక్కడ ఉదయ సాయంకాలాలు ప్రార్థన, మిగిలిన సమయమంతా పని. ప్రార్థన పని నుంచి తప్పించుకొనే దారి కాదు, పని ఎందుకు చేస్తున్నామో ప్రతిరోజూ గుర్తుచేసుకొనే మార్గం.

ఈ దృష్టికి మరో రూపం గాంధీజీ సోమవారపు మౌనం. ప్రతి సోమవారం ఆయన మాట్లాడేవారు కాదు. ఇది ఎలా మొదలైందో ఆయనే చెప్పుకున్నారు. మొదట పని ఒత్తిడి నుంచి ఊరట కోసం మౌనం పట్టారు. తరువాత రాసుకోవడానికి తీరిక దొరుకుతుందని కొనసాగించారు. కొంతకాలం పాటించిన తరువాతే దాని ఆధ్యాత్మిక విలువ తెలిసిందన్నారు. ఈ క్రమం విద్యార్థులకు చాలా ముఖ్యం. ఉన్నతమైన అనుభూతి కలిగితేనే మొదలుపెట్టాలని ఆయన ఎదురుచూడలేదు. సాధారణమైన, ఆచరణాత్మకమైన అవసరంతో మొదలుపెట్టి క్రమం తప్పకుండా సాగించారు, లోతు తరువాత వచ్చింది.

1947 జూన్ 2 సోమవారం. దేశ విభజన ప్రణాళిక విషయమై వైస్రాయ్ మౌంట్‌బాటన్ గాంధీజీని కలిసిన రోజది. ఆనాడు కూడా ఆయన మౌనం విడవలేదు. వాడిన కవర్ల వెనక పెన్సిలుతో సమాధానాలు రాసి ఇచ్చారు. అదే కాగితాలలో, ఈ నియమానికి తాను రెండు మినహాయింపులు ఉంచుకున్నానని కూడా తెలియజేశారు. ఒకటి, అత్యవసర విషయాలపై ఉన్నతాధికారులతో మాట్లాడటం. రెండోది, రోగులకు సేవ చేయడం. అంటే నియమం కఠినంగా ఉన్నా, ఎదుటి మనిషి బాధకు తలుపు మూయలేదు. మినహాయింపులు ముందే నిర్ణయించుకుంటే సాకులకు చోటు తగ్గుతుందన్నది ఇందులోని సూక్ష్మం.

పొణకా కనకమ్మ జీవితం ఇదే విషయాన్ని మరో కోణంలో చూపుతుంది. ఆమె 1923లో నెల్లూరులో బాలికల కోసం కస్తూరిదేవి విద్యాలయం స్థాపించారు. స్వాతంత్ర్యోద్యమంలో జైలుకు వెళ్ళారు. ఒక్కగానొక్క కూతురు మరణించడం ఆమెను తీవ్రంగా కుంగదీసింది. ఆ దుఃఖంలో ఆమె తిరువణ్ణామలైలోని రమణ మహర్షి సన్నిధిలో ఊరట పొందారు. జీవితాంతం ప్రజల మధ్య పనిచేసిన మనిషికి సైతం, ఎవరూ ఏమీ అడగని ఒక చోటు కావలసివచ్చింది.

5. ఒంగోలు ప్రార్థన కొండ

రెండో ఉదాహరణ క్రైస్తవ చరిత్రలోనిది. నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1840లో శామ్యూల్ డే ఆధ్వర్యంలో మొదలైంది. ఏళ్ళు గడిచినా సంఘం పెరగలేదు. ఫలితం లేదు కనుక దీన్ని మూసివేద్దామన్న చర్చ 1853లో అమెరికాలో జరిగింది. ఆ నేపథ్యంలో 1854 జనవరి 1 తెల్లవారుజామున లైమన్ జూయెట్, ఆయన భార్య, మరికొందరు తెలుగు విశ్వాసులతో కలిసి ఒంగోలులో ఒక కొండ ఎక్కి ప్రార్థించారు. ఒంగోలు అప్పట్లో నెల్లూరు జిల్లాలోనే ఉండేది. ఆ కొండకు ప్రార్థన కొండ అన్న పేరు నిలిచింది.

ఆ ప్రార్థన తరువాత వెంటనే ఏమీ జరగలేదు. ఒంగోలులో స్థిరపడి పనిచేయడానికి జాన్ క్లౌ వచ్చినది 1866లో, అంటే పన్నెండేళ్ళ తరువాత. 1876–78 కరవులో ఆయన బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వించే కాంట్రాక్టు తీసుకొని, ఆకలితో ఉన్నవారికి కూలి దొరికేలా చేశారు. నెల్లూరు తీరం వెంట మీరు నేటికీ చూసే ఆ ఉప్పునీటి కాలువకు ఇలా ఒక కరవు కథ ఉంది.

కొండ మీద ప్రార్థన వల్లే ఇదంతా జరిగిందని చరిత్ర విద్యార్థిగా మనం నిర్ధారించలేము. విశ్వాసి అలా నమ్మవచ్చు. మనకు స్పష్టంగా కనిపించేది ఇంతవరకు: వదిలేయాలా, కొనసాగించాలా అన్న సందిగ్ధంలో కొందరు పనిచోటు నుంచి కొద్దిగా దూరం జరిగి, తమ ఉద్దేశాన్ని మళ్ళీ గుర్తుచేసుకొన్నారు. దిగివచ్చి అదే పని చేశారు. వెంటనే ఫలితం కోరడం ఏకాంతానికి తగదని ఈ ఉదాహరణ చెబుతుంది.

6. ఏకాంతం ఎలా పనిచేస్తుంది?

మత విశ్వాసాన్ని పక్కన పెట్టి చూసినా దీనికి కొన్ని కారణాలు చెప్పవచ్చు. ఒక పని పూర్తికాకుండా మరో పనికి మారినప్పుడు మన ధ్యాసలో కొంత భాగం పాత పనికే అంటుకొని ఉంటుందని సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో వివరించారు. రోజంతా ఇలా మారుతూ ఉంటే దేనికీ పూర్తి మనసు ఇవ్వలేము. మీరు పుస్తకం ముందు కూర్చొని ఒకే పేరా మూడుసార్లు చదివిన సందర్భాలు గుర్తుచేసుకోండి. లోపం మీ తెలివిలో ఉండనక్కరలేదు, మిగిలిపోయిన పనులు ధ్యాసను లాగుతూ ఉండవచ్చు.

రెండో కారణం, అత్యవసరమైనది ముఖ్యమైనదాన్ని కప్పేస్తుంది. దీనికి నా సొంత అనుభవమే చెబుతాను. నలభై ఏడేళ్ళ వయసులో నేను ఒక శాఖకు అధిపతిగా ఉన్నాను. సమావేశాలు, నివేదికలు, పరీక్ష పేపర్లు. ఆ రోజుల్లో ఒక ఎం.ఏ. విద్యార్థి నా గది దగ్గరకు మూడుసార్లు వచ్చాడు. మూడుసార్లూ తల ఎత్తకుండానే “రేపు రా” అన్నాను. నాలుగోసారి అతను రాలేదు. తండ్రి జబ్బుపడితే హాజరు విషయంలో కొంత వెసులుబాటు అడగడానికి వచ్చాడనీ, చదువు మానేసి ఊరికి వెళ్ళిపోయాడనీ సెలవుల తరువాత తెలిసింది. నేను చేయవలసింది ఒక కాగితం మీద సంతకం. నేను అధ్యాపకుణ్ణి అయిందే అలాంటి పిల్లల కోసం. ఆ సంగతి మరిచిపోయేంత శ్రద్ధగా పనిచేస్తున్నానన్నమాట.

ఆ తరువాతే నెలకు ఒక ఆదివారం ఉదయం మైపాడు ఒడ్డుకు వెళ్ళి కూర్చోవడం మొదలుపెట్టాను. మొదటి మూడు నెలలూ చెప్పుకోదగింది ఏదీ జరగలేదు. ఒకసారి సరుగుడు చెట్ల కింద నిద్రపోయాను. మరోసారి పరీక్షల షెడ్యూలు మనసులోనే తయారుచేసుకొని లేచి వచ్చాను. నాలుగో నెలలో, ఆ విద్యార్థి ముఖం గుర్తుకొచ్చింది. అప్పటిదాకా అతని పేరే గాని ముఖం నాకు జ్ఞాపకం లేదు. ఆ రోజు చేసిన ప్రార్థన పొడవైనది కాదు. మర్నాటి నుంచి రోజూ మధ్యాహ్నం ఒక గంట నా గది తలుపు తెరిచి, బల్ల మీద కాగితాలేవీ లేకుండా కూర్చోవడం అలవాటు చేసుకున్నాను. పదవీ విరమణ దాకా అది సాగింది. అతనికి మాత్రం నేను ఏమీ చేయలేకపోయాను.

7. మీరు ఎలా మొదలుపెట్టాలి?

కాలపరిమితిని బట్టి ఏకాంతాన్ని మూడు స్థాయిలుగా విభజించుకోవచ్చు.

(అ) రోజువారీ: 15 నుంచి 20 నిమిషాలు. ఇల్లు లేవకముందో, అందరూ పడుకున్నాకో.
(ఆ) నెలవారీ: మూడు నాలుగు గంటలు. ఇంటికి బయట అయితే మంచిది.
(ఇ) వార్షికం: ఒక పూర్తి రోజు. పరీక్షలు ముగిసిన తరువాత, కొత్త సంవత్సరపు పుస్తకాలు అందకముందు అనుకూలం.

ముగ్గురిలో ఒకరు మూడూ చేయగలరని నేను ఆశించను. ఏదో ఒకటి ఎంచుకొని ఆరునెలలు తప్పకుండా చేయండి.

స్థలం గురించి ఎక్కువ ఆలోచించవద్దు. సముద్రం దగ్గరున్నవారికి ఒడ్డు, పెన్నా పక్కనున్నవారికి రేవు. గుడి మండపం, ఖాళీగా ఉన్న చర్చి, మసీదు వరండా, ఊరి గ్రంథాలయం, ఇంటి మిద్దె ఏదైనా సరిపోతుంది. తీరానికి వెళ్ళేవారు ఎండ ఎక్కకముందే ముగించండి. నీళ్ళు తీసుకెళ్ళండి. ఎక్కడికి వెళ్తున్నదీ, ఎన్నింటికి వస్తారన్నదీ ఇంట్లో ఒకరికి చెప్పండి. మహిళలు నిర్జన ప్రదేశాలకంటే నలుగురు మసలే ప్రశాంతమైన చోటు ఎంచుకోవడం మేలు. సెల్‌ఫోను ఆపి సంచిలో వేయండి. ఇంట్లో రోగులో పసిపిల్లలో ఉంటే ఒక్క నంబరుకు మాత్రం మినహాయింపు ఇవ్వండి.

మూడు గంటల సమయాన్ని ఇలా విభజించవచ్చు. మొదటి అరగంట ఏమీ చేయకుండా కూర్చోండి. ఈ సమయంలో చేయవలసిన పనులన్నీ గుర్తుకొస్తాయి. వాటిని ఒక కాగితం మీద రాసి మడిచి పెట్టండి. తరువాతి గంట మీ విశ్వాసాన్ని అనుసరించి ప్రార్థన, జపం, గ్రంథపఠనం చేయండి. దైవవిశ్వాసం లేనివారు తమకు విలువైన ఒక పుస్తకంలో రెండు పుటలు నెమ్మదిగా చదివి ఆలోచించవచ్చు. ఆ పై గంటలో ఈ మూడు ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు రాసుకోండి:

1. గత నెలలో నా సమయం నిజంగా దేనికి ఖర్చయింది?
2. నేను “రేపు రా” అన్నది ఎవరితో?
3. ఈ చదువు ఎందుకు మొదలుపెట్టాను? ఆ కారణం ఇప్పటికీ నిలిచి ఉందా?

చివరి అరగంటలో ఒకే ఒక నిర్ణయం తీసుకోండి. పది నిర్ణయాలు ఇల్లు చేరేలోపే జారిపోతాయి. ఒక్కటైతే గుర్తుంటుంది.

ఇక సమయం లేదన్న అభ్యంతరం. సమయం అందరికీ సమానంగా లేదన్నది వాస్తవం. పొద్దున ఐదింటికి పొయ్యి ముట్టించి, పిల్లలను బడికి పంపి, రొయ్యల ప్లాంటుకో చేనుకో పోయి వచ్చి, మళ్ళీ వంట చేసే విద్యార్థినికి ఏకాంతం గురించి ఉపదేశించడం సులభం, దొరికించుకోవడం కష్టం. ఆమె నిద్ర తగ్గించుకొని దీన్ని సాధించాలని నేను చెప్పను. ముందే చూశాం, ఒకరి విరామం మరొకరి సహకారం మీద నిలుస్తుంది. కనుక ఈ పాఠం చదువుతున్న పురుష విద్యార్థులకు ఒక సూచన. మీరు నెలకు మూడు గంటలు తీసుకుంటే, మీ ఇంట్లో భార్యకో, తల్లికో, చెల్లెలికో అదే నెలలో మూడు గంటలు ఇవ్వండి. ఆ పూట వంట, పిల్లలు, గొడ్డూగోదా మీరు చూసుకోండి. ఇంట్లో ఒకరి శాంతి మరొకరి అలసటగా మారితే అది ప్రార్థన ఫలితం అనిపించుకోదు.

8. సాధారణ ఆటంకాలు

నిద్ర రావడం: ఇది తప్పు కాదు, శరీరం బాకీ అడుగుతోంది. వరుసగా మూడుసార్లు నిద్రపోతే మీకు ముందు కావలసింది రాత్రి నిద్ర.

విసుగు: మొదటి గంటలో దాదాపు అందరికీ వస్తుంది. సమయం ముగిసేదాకా లేవకుండా ఉండటమే దీనికి ఉపాయం.

అపరాధభావం: “ఇంత పని పెట్టుకొని ఇక్కడ కూర్చున్నానే” అనిపిస్తుంది. ఒడ్డున వల కుట్టుకొనేవాణ్ణి ఎవరూ సోమరి అనరని గుర్తుచేసుకోండి.

గర్వం: కొన్ని నెలలు సాగాక, చేయనివారికంటే మనం ఉన్నతులమన్న భావన కలుగుతుంది. ఇంటికి వచ్చాక మాటతీరు మెత్తబడిందా, గట్టిపడిందా అన్నది చూసుకుంటే చాలు. ఆ పరీక్ష ఇంటివాళ్ళు పెడితే ఇంకా మంచిది.

9. సారాంశం

ఏకాంత విరామం ముందుగా నిర్ణయించుకొని, గడువు పెట్టుకొని, తిరిగి రావడానికే వెళ్ళేది. అన్ని ప్రధాన సంప్రదాయాలలో దీనికి కాలనియమం ఉంది. గాంధీజీ మౌనం ఆచరణాత్మక అవసరంతో మొదలై క్రమంగా ఆధ్యాత్మిక విలువను సంతరించుకుంది. పల్లిపాడు ఆశ్రమం, ఒంగోలు ప్రార్థన కొండ రెండూ ప్రార్థన సేవకు దూరం చేయదని చూపుతాయి. ఒకరి విరామానికి ఇతరుల సహకారం అవసరం కనుక దాన్ని ఇంట్లో పంచుకోవాలి. మొదటి నెలల్లో ఫలితం కనిపించకపోయినా కొనసాగించాలి.

10. మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. ఏకాంతానికీ ఒంటరితనానికీ గల తేడాను రెండు వాక్యాలలో రాయండి.
2. గాంధీజీ తన సోమవారపు మౌనానికి ఉంచుకున్న రెండు మినహాయింపులు ఏవి?
3. “ఒకరి విరామం మరొకరి సహకారం మీద నిలుస్తుంది.” మీ కుటుంబం నుంచి ఒక ఉదాహరణతో చర్చించండి.
4. అభ్యాసం: వచ్చే నెలలో మూడు గంటలు ఎంచుకొని, తేదీని ఇప్పుడే ఈ పుట అంచున రాయండి. దాని పక్కనే, మీ ఇంట్లో మరొకరికి మీరు ఇవ్వబోయే మూడు గంటల తేదీ కూడా రాయండి. రెండో తేదీ రాయనంతవరకు మొదటిది పూర్తయినట్టు కాదు.